నోట్ల నాలుక లేని పిల్ల

ఒకటో తరగతిని మెదలకుండ కూసోబెట్టే కిటుకు సూర్యాపేట ట్రైనింగ్‌ల చెప్పిన్రు: సప్పుడు చెయ్యనోళ్ళ నుదుటికి స్టార్ అంటించాల్నట.

నెల నుంచి స్టార్లన్నీ తండా నుంచొచ్చే అఖిలకే. మిగిలిన కోతులకు దాన్నే సూపిచ్చి బుద్ధి చెప్పిన.

ఇయ్యాల దాని నాయినమ్మ బడికొస్తే, "నోట్ల నాలుక లేని పిల్ల అవ్వా, బంగారం!" అన్న.

"ఇదా? ఇంట్ల దీని నోటికి మా మ్యాకలు గూడ దడుస్తయ్. దానికి మీ తెలుగొస్తలేదు, టీచరమ్మా."

నా ట్రైనింగ్ గంగల కలిసింది. "‘మాట్లాడు బిడ్డా’ అని మీ లంబాడీ భాషల ఎట్లనాలె?" అని అడిగి, అవ్వ చెప్పింది నోరు తిరగక ఎట్లనో పలికిన.

అఖిల పడిపడి నవ్వింది. తన స్టార్ పీకి నా నుదుటికి అంటించి, లంబాడీల ఏదో అన్నది.

"ఏమంటున్నదవ్వా?"

"నిన్ను సప్పుడు చెయ్యొద్దంటున్నది."