జంగయ్య పొట్ట

జంగయ్య పొట్ట తగ్గాలి. అదీ నెల తిరిగేలోగా.

ఆ ఇంటికి ఎస్‌ఐ ఉద్యోగం వచ్చిన సంగతి లక్డారం అంతా పాకిపోయింది. దిష్టి తగులుతుందని జంగయ్య తల్లి కౌసల్యమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం ఊరు ఊరుకుంటుందా? జంగయ్య తన బావమరిదితో ఫోన్లో మాట్లాడుతుంటే ఎస్‌టీడీ బూత్ అతను సగం విన్నాడు. మిగతా సగం ఊరే పూర్తి చేసుకుంది.

సెలక్షన్లు జరిగి ఏడాది దాటింది. అకాడమీ నుంచి పిలుపు ఇప్పుడొచ్చింది. ఈ ఏడాదిలో పటాన్‌చెరు పంపుల కంపెనీ క్యాంటీన్ తిండి జంగయ్యకు బాగా ఒంటబట్టింది. చొక్కా కింది గుండీ పెట్టుకోవడం ఎప్పుడో మానేశాడు. అకాడమీలో మొదటి వారమే పరుగు పరీక్ష ఉంటుందట. తప్పితే తిరుగు బస్సే.

కంపెనీలో నెల రోజులు సెలవు అడిగాడు.

"సెలవెందుకయ్యా? రాజీనామా ఇచ్చి దర్జాగా పో" అన్నాడు సూపర్‌వైజర్.

"ఉండనియ్యి సార్. మల్ల వస్త గద."

ఎంత ముందుచూపో అని క్యాంటీన్లో నవ్వుకున్నారు.

పరుగు నేర్పడానికి త్రినాథరావు ఒప్పుకున్నాడు. కాకినాడ వైపు మనిషి. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై పటాన్‌చెరులోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పొట్ట ముందు జంగయ్య పొట్ట పసిపాప. అందుకే ఆయన పరుగెత్తడు. స్కూటర్ మీద కూర్చుని, నోట్లో విజిల్ పెట్టుకుని, పక్కనే వస్తూ క్రమశిక్షణ గురించి చెబుతాడు.

కౌసల్యమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"లారీల రోడ్డు. ఒక్కల్ని పంప. మొగుడు పెండ్లాలు ఇద్దరు పోతేనే పోవుడు."

అలా మొదలైంది. ముందు జంగయ్య. వెనక చింత బరికె పట్టుకుని భార్య అరుణ. జంగయ్య కాళ్లు ఈడ్చాడో, పిక్క మీద బరికె పడేది.

"బర్రెను తోలినట్టు తోలుతున్నదిరో పోలీసు దొరను!" అని ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ నవ్వేవాళ్లు.

పొద్దున నవ్వినవాళ్లే సాయంత్రం సలాములు పెడుతూ ఇంటికి వచ్చేవాళ్లు. అందరికంటే ముందు పెద్దరాములు వచ్చాడు, చంకలో కోడితో.

"జంగయ్య సారూ, మా తమ్ముని మీద పేకాట కేసున్నది. జెర సూడాలె."

"కాకా, అసలు సంగతేందంటే..."

"నాకంతా తెలుసు. ఇప్పుడే ఏం చెయ్యొద్దు. డ్యూటీ ఎక్కినంకనే సూడు." కోడిని గడప దగ్గర వదిలి వెళ్లిపోయాడు.

జంగయ్య ఆ తర్వాత కూడా ఒకరిద్దరి ముందు నోరు తెరిచాడు. ఎవరూ చివరిదాకా వినలేదు. ఇక తెరవడమే మానేశాడు. నిజం చెప్పొద్దూ, సలాములు తియ్యగానే ఉన్నాయి. హోటల్లో బెంచీ తుడిచి మరీ కూర్చోబెడుతున్నారు. ఎందుకైనా మంచిదని మీసం కూడా కాస్త పెంచాడు. వచ్చిన కోళ్లన్నీ కూరలయ్యాయి. తగ్గిన పొట్ట మళ్లీ వచ్చింది.

ఒకరోజు పొద్దున, కంపెనీల నీళ్లు నురగలు కక్కే వాగు దగ్గర, జంగయ్య కూలబడ్డాడు. ముక్కు నిండా మందుల కంపు. ఊపిరి ఆడలేదు.

"ఇగ నాతోని కాదు. ఈ నౌకరి వద్దు, ఏమొద్దు."

స్కూటర్ ఆగింది. "ఏమయ్యా జంగయ్యా! నీ మూలాన టైమింగంతా నాశనమైపోతోంది. ఇలాగైతే మొదటి వారమే వెనక్కి పంపేస్తారు!"

జంగయ్య తల ఎత్తలేదు. బరికె పడుతుందని వీపు ముడుచుకున్నాడు. పడలేదు. అరుణ వచ్చి పక్కనే దుమ్ములో కూర్చుంది.

"నువ్వు కూసుంటే నౌకరి గీ వాగులనే పోతది. గంతే" అంది.

జంగయ్య ఆమె మొహం చూశాడు. పెళ్లయినప్పటి నుంచి చీర అడగలేదు, సినిమా అడగలేదు. ఇప్పుడు అడుగుతోంది. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాడు. పాలిపోయిన మొహంతోనే పరుగందుకున్నాడు.

ఆ రోజు నుంచి బరికె అవసరం పడలేదు. కొత్తగా వచ్చిన కోళ్లను తిప్పి పంపించాడు. పెద్దరాములు నొచ్చుకుని, "అప్పుడే నిజాయితీ మొదలైందిరా వీనికి" అని ఊరంతా చెప్పాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ హైవే దాకా ఆగకుండా వెళ్లి, ఆగకుండా వచ్చారు. జంగయ్య చొక్కా కింది గుండీ పట్టింది.

"ఇక భయం లేదు!" అని త్రినాథరావు ఊదిన విజిల్‌కి రోడ్డు మీద రెండు లారీలు ఆగిపోయాయి.

ప్రయాణం రోజు ఊరు ఊరంతా వ్యాన్లు కట్టుకుని వచ్చింది. డప్పులు, దండలు. అకాడమీ గేటు ముందు పెద్దరాములు జంగయ్య మెడలో బంతిపూల దండ వేసి జై కొట్టించాడు. జంగయ్యకు చెమటలు పట్టాయి.

కాపలా జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ గోలేంటి? ట్రైనీ తప్ప ఎవరూ లోపలికి రావద్దు. ట్రైనీ ఎవరు?"

డప్పులు ఆగాయి. జనం రెండుగా చీలి జంగయ్యకు దారి ఇచ్చారు.

జంగయ్య పక్కకు జరిగి చేతిలోని ట్రంకు పెట్టె అందిస్తే, అరుణ కొంగు నడుముకు దోపుకుని, "నేనే సార్" అంటూ గేటు దాటింది.