ఫిలింలో మిగిలిన మూడు

ఆ సాయంత్రం బట్టల కొట్టాయన చేతిలో ఉన్నవి తండ్రి వాడిన పాత కెమెరా, అందులో మూడు బొమ్మలకు సరిపడా ఫిలిం, మహా అయితే ఇరవై నిమిషాల వెలుగు. ఫ్లాష్ లేకుండా దుప్పిని తీయాలని తండ్రి బతికినన్నాళ్ళూ తంటాలు పడ్డాడు, దక్కలేదు. ఆ ఒక్క బొమ్మా ఆయన ఆల్బంలో అతికిస్తే చాలని కొడుకు ఆశ.

"అది మీ కొట్టుకొచ్చే గిరాకీ కాదు బాబూ, కూర్చోమంటే కూర్చోదు," అని నవ్వి, అడవి కాపలాదారు అతన్ని నీటిగుంట పక్కన ఆకుల పాకలో వదిలి వెళ్ళిపోయాడు.

దుప్పి వచ్చింది. ఆ మసకలో షట్టర్ ఒక సెకను తెరిచి ఉండాలి. మొదటిసారి అది తల తిప్పింది, రెండోసారి ముందుకు నడిచింది. రెండు బొమ్మలూ చెదిరిపోయినట్టే.

మూడోదానికి వేలు ఆనించగానే, పక్కనుంచి మెల్లగా వినిపించింది.

"కదలకు నాన్నా."

దుప్పి రాయిలా నిలిచిపోయింది. కొట్టాయన కూడా. వేలైనా కదల్లేదు.

చిన్నప్పుడు ఇలాంటి పాకలోనే తండ్రి ఆ మాట అనేవాడు. తనతో అన్నాడో జంతువుతో అన్నాడో తెలియక, దోమ కుట్టినా గోక్కోకుండా బిగుసుకుని కూర్చునేవాడు. తండ్రి పోయి పదకొండేళ్ళు.

వెలుగు పూర్తిగా పోయింది. పక్కన ఎవరో బిగబట్టిన ఊపిరి నెమ్మదిగా వదిలారు. అతను తల తిప్పలేదు. తిప్పితే కదిలినట్టే కదా.

లెక్క చూసుకుంటే బొమ్మ దక్కలేదు, మూడోది నొక్కనే లేదు. దక్కిందల్లా, జుట్టు నెరిశాక తననొకరు నాన్నా అని పిలవడం. అదీ, పిలిచింది దుప్పిని కాకపోతే.