మూడు సూదులు

ఒక్క సూది చాలంది ఆమె. మూడు కావాలన్నాడు ఆయన.

పాపకి ఏడాది దాటింది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఒకే టీకా శుక్రవారం వేస్తారని ఆసుపత్రి నర్సు ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయింది. ఆ ఆసుపత్రిలో మందుల గది చూసేది ఆయనే. మూడు రోజుల సెలవుల తర్వాత డ్యూటీకి వెళ్ళొచ్చిన ఆయన, చెప్పులు విప్పుతూనే ఆ టీకా వద్దన్నాడు.

"మూడు జబ్బుల మందు ఒకేసారి అంత చిన్న ఒంట్లోకి ఎందుకు? పట్నంలో ఓ డాక్టరు విడివిడిగా వేస్తాడట. రేపు నేనే తీసుకెళ్తా."

ఆమె కుట్టుమిషను ఆపి చూసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన దేనికీ ఇంత పట్టుబట్టలేదు. కూర దగ్గర్నుంచి కర్టెను రంగు దాకా "నీ ఇష్టం" అనే మనిషి.

ఆ సాయంత్రమే వీధి చివర నర్సుని పట్టుకుని అడిగింది. నర్సు నవ్వేసింది. ఒక్క సూదైతే పిల్ల ఒక్కసారే ఏడుస్తుంది, మూడైతే మూడోది పడేదాకా మిగతా జబ్బులకి అడ్డు ఉండదు, అంతకంటే ఏమీ లేదంది. "మాకు మందులందించేది మీ ఆయనే కదా. ఆయనకే నమ్మకం లేదా?" అని కూడా అంది.

ఆమెకి తలకొట్టేసినట్టయింది. అయినా ఇంట్లో గొడవెందుకని ఊరుకుంది. మర్నాడు ఆయన పాపని పట్నం తీసుకెళ్ళి తెచ్చాడు. మొదటిది తట్టుకి వేశారని, మిగతా రెండూ నెమ్మదిగా వేయిద్దామని చెప్పాడు.

గురువారం సాయంత్రం వెనకింటి వదిన జాకెట్టు కోసం వచ్చింది. చంకలో కొడుకు. పుట్టినప్పుడు తలమీద ఒక్క వెంట్రుక లేదని వాడిని అందరూ గుండు అంటారు.

"అన్నయ్యే తన పిల్లకి వద్దన్నాడటగా. మరి మా గుండుగాడికి వేయించనా, మాననా?"

"ఆయనది పిరికి గుండె వదినా. నా మిషను సూదిని చూసినా మొహం తిప్పుకుంటారు. నర్సు చెప్పింది నేను విన్నా. నా మాట మీద తీసుకెళ్ళు."

ఆయన అక్కడే కుర్చీలో ఉన్నాడు, గుండీ ఊడిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని. "ఏమంటావు అన్నయ్యా?" అని వదిన అటు తిరిగింది.

"నర్సుకి తెలియదా" అన్నాడాయన. చొక్కా అక్కడే వదిలేసి లేచాడు. పోతూ పోతూ ఫ్యాను ఆపేశాడు.

"మనుషులం కూర్చుని ఉండగానే ఆపేశాడేంటమ్మా" అని వదిన నవ్వింది.

"ఇదింకా నయం. ఇల్లు దాటితే కరెంటు మెయిన్ దించిగానీ తాళం వెయ్యరు. ఆయన చేతి అలవాటు అది."

శుక్రవారం ఆ వీధిలో పదకొండు మంది పిల్లలకి టీకా పడింది. సగం మంది తల్లుల్ని ఆమే దగ్గరుండి పంపింది.

నాలుగు నెలలకి వీధిలోకి తట్టు వచ్చింది. ఆ పదకొండు మందిలో ఎనిమిది మందికి ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అందరూ కోలుకున్నారు. గుండుగాడూ కోలుకున్నాడు గానీ, పిలిస్తే తిరిగి చూడటం మానేశాడు. వాడి వెనకాల పళ్ళెం నేలకేసి కొట్టినా ఉలకలేదు.

పాప ఒంటిమీద ఒక్క పొక్కు కూడా లేదు.

దాంతో, మూడూ కలిపి వేసే టీకా వట్టి దండగని వీధంతా తేల్చేసింది. ఆయన ముందుచూపున్న మనిషైపోయాడు. పిల్లకి జలుబు చేసినా వచ్చి ఆయన్నే అడిగేవారు. నర్సు వస్తే తలుపులు వేసుకునేవారు.

వదిన గడప దాటి లోపలికి రాలేదు. బయటే నిలబడి ఒక్క మాట అంది. "నీ పిల్లకి మూడు దాచుకుని, నా పిల్లాడికి ఒకటి పంచావు."

ఆ కసి అంతా ఆమె నర్సు మీద తీర్చుకుంది. నన్ను నమ్మించి, నా నోటితోనే నా వాళ్ళ గొంతు కోయించావని నడివీధిలో నిలదీసింది. మందులో ఏ లోపమూ లేదమ్మా అని మాత్రం అని, నర్సు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"మీ మాట విని వాళ్ళని కూడా ఆపాల్సింది" అని భర్త ముందు ఏడ్చింది.

"పోనీలే. మన పాప బాగుంది కదా" అన్నాడాయన.

మిగిలిన రెండు సూదుల సంగతి ఎత్తితే మాత్రం, తొందరేముంది, వచ్చే నెల చూద్దాంలే అనేవాడు. నెలలు గడిచాయి. ఇక ఆగలేక ఆమే వెళ్ళి వదిన కాళ్ళావేళ్ళా పడింది. ఆ పట్నం డాక్టరు దగ్గరికే ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్దాం, గుండుగాడికి కూడా విడివిడిగానే వేయిద్దాం అంది. వదిన బస్సెక్కింది గానీ, ఆమె పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చుంది.

డాక్టరు పాప పేరు రిజిస్టరులో వెతికి, వేలు అక్కడే ఉంచి తలెత్తాడు. గుండుగాడు వదిన ఒళ్ళో కూర్చుని బల్లమీది గంటని టింగుటింగుమని కొడుతూనే ఉన్నాడు.

"మిగతా రెండేమిటమ్మా? విడివిడిగా నా దగ్గర ఎప్పుడూ లేవు, మీ పాపకి వేసింది ఆ మూడూ కలిపిన సూదే. సెలవులకి తాళం వేస్తూ ఎవరో మెయిన్ దించేసి వెళ్తే మీ ఆసుపత్రి ఫ్రిజ్‌లో టీకాలన్నీ పాడైపోయాయనీ, అన్నీ పారబోశామనీ, అందుకే పాపని ఇక్కడికి తెచ్చాననీ మీవారే చెప్పారు కదమ్మా."