రేపు ఏం కూర?

“రేపు ఏం కూర బాపూ?”

ఎల్లారెడ్డి బస్టాండు దాటాక ఎస్తేర్ ఆ మాట అడగడం ఇది ఆరోసారి.

“బీరకాయ,” అన్నాడు ప్రభుదాసు.

“ఎల్లుండి?”

“చిక్కుడుకాయ.”

“నువ్వే వండుతవు గదా?”

“నేనే వండుత బిడ్డా.”

పదేళ్ల పిల్ల అప్పటికి ఊరుకుంది. తండ్రి చొక్కా అంచును పిడికిట్లో బిగించి పట్టుకొని కిటికీలోంచి పొలాలు చూడసాగింది.

ముందు సీటులోని ముసలావిడ వెనక్కి తిరిగి నవ్వింది. బస్సెక్కగానే తన పేరు హన్మవ్వ అనీ, తాడ్వాయిలో దిగుతాననీ అడగకుండానే చెప్పిన మనిషి.

“మా ముసలోడు నలభై ఏండ్లల్ల ఒక్కపారి అడగలే, ఏం కూర అని. పెట్టింది తిన్నడు, పోయిండు. నీ బిడ్డ నయం, ఎల్లుండిది గూడ ఇయ్యాల్నే అడుగుతున్నది.”

“గదే బీమారి అవ్వా. కామారెడ్డి దవాఖానకు పోతున్నం.”

“ఏం బీమారట?”

ప్రభుదాసు ఒళ్లోని ఫైలు మీద చెయ్యి వేశాడు. “అదే తెలుస్తలేదు. ఒకాయన ఆటిజం అన్నడు. ఇంకొకాయన ఓసీడీ అన్నడు. మూడో ఆయన ఉత్త భయమే అన్నడు. ముగ్గురూ పేరు రాసి పక్కకు ప్రశ్న గుర్తు పెట్టిన్రు.”

“మంచి చదువులే చదివిన్రు!” అంది హన్మవ్వ. “పోరి మంచిగనే ఉన్నది. నీకే చిక్కి బొక్కలు తేలినయి. తల్లి రాలేదా?”

“పోయిన ఏడాది ప్రభువు దగ్గరికి పోయింది.”

తాడ్వాయిలో దిగబోతూ హన్మవ్వ సంచిలోంచి రెండు జామకాయలు తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. ఎస్తేర్ రెండూ తండ్రికే ఇచ్చింది. అతను ఒకటి కొరికి మింగేదాకా అతని మొహం మీద నుంచి చూపు తిప్పలేదు.

దవాఖాన అంటే మంచంకోడు పట్టుకొని ఏడ్చే పిల్ల. ఈసారి మాత్రం పోదాం పద అని పొద్దున్నే తనే జడ వేసుకొని కూర్చుంది. ఆ చిన్న తలలో ఏం తిరుగుతుందో ప్రభుదాసుకు ఎప్పుడూ అంతు పట్టలేదు.

ఓపీ చిట్టీ కోసం మగవాళ్ల లైను గేటు దాకా ఉంది. ఆడవాళ్ల లైనులో నలుగురే.

“నువ్వు నిలబడుతవా బిడ్డా?” అని ఆశ లేకుండానే అడిగాడు.

ఎస్తేర్ చొక్కా అంచు వదిలింది. వెళ్లి నిలబడింది. నిమిషానికోసారి వెనక్కి తిరిగి అతను ఉన్నాడని చూసుకుంది. కౌంటరు అందక మునివేళ్ల మీద లేచి లోపలి మనిషితో ఏదో చెప్పింది. కొత్తవాళ్ల ముందు ఏడాదిగా నోరు విప్పని పిల్ల, చిట్టీ పట్టుకొని నడిచి వస్తుంటే, ప్రభుదాసు ఆ లైనూ ఆ జనమూ మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

డాక్టర్ ప్రమోద చిట్టీ అందుకుంది. “ప్రభుదాసు, నలభై ఏళ్లు. మీరేనా?”

“పేరు నాదే మేడం. తప్పు రాసిన్రు. పేషెంటు మా బిడ్డ ఎస్తేర్.”

“పర్వాలేదు, తర్వాత మార్పిద్దాం. చెప్పండి.”

“వాసనలు పడవని మొదటి డాక్టరు అన్నడు. వరికి పురుగుల మందు తెస్తే చాలు, డబ్బా మాయం జేస్తది. మూడుసార్లయింది.”

“వేరే వాసనలు?”

“ఏమనదు. పేడ గూడ ఎత్తుతది.”

ప్రమోద రాసుకుంది. “అడిగిందే అడుగుతుందని ఉంది ఇక్కడ. ఎవర్ని?”

“నన్నొక్కన్నే. రేపు ఏం కూర అని.” ప్రభుదాసు కుర్చీలో ముందుకు జరిగాడు. గొంతు తగ్గింది. చర్చిలో మాట్లాడుతున్నట్టు ఉంది. “ఒక సంగతి ఏ డాక్టరుకూ చెప్పలే మేడం. మా చేన్ల పాత బావి ఉన్నది. బోరు పడ్డ సంది దాన్ని ఎవ్వరూ వాడరు. నేనే ఒక్కోసారి పోయి కూసుంట. ఎప్పుడు పోయినా ఈ పిల్ల వచ్చి పక్కన నిలబడతది. మొన్నైతే బడిల పరీక్ష రాస్తున్నది. కాగితం గట్లనే ఇడిసిపెట్టి రెండు కిలోమీటర్లు ఉరికొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. వచ్చి నన్ను గట్టిగ పట్టుకున్నది, గంట సేపు ఇడువలే. నేను పోతున్నట్టు ఎవ్వరికీ చెప్పలే మేడం. దేవుడు గిట్ట చెవుల చెప్తున్నడా? గిదేం బీమారి?”

ప్రమోద పెన్ను ఆగింది.

“ఆ రోజు పొద్దున కూడా అడిగిందా, రేపు ఏం కూర అని?”

ప్రభుదాసు ఆలోచించాడు. “అడిగింది.”

“మీరేం చెప్పారు?”

“ఏం చెప్పలే.”

ప్రమోద ఫైలు మూసి పక్కన పెట్టింది. కుర్చీ జరిపి, పిల్ల ఎత్తుకు వంగింది.

“ఎస్తేర్, కౌంటరులో ఎవరి పేరు చెప్పినవ్ తల్లీ?”

పిల్ల తండ్రి వైపు చూసింది. తర్వాత డాక్టరు కళ్లలోకి సూటిగా చూసింది.

“బాపుకే బాగలేదు మేడం, నేనే తోల్కొచ్చిన.”