కొండ తెలియని ఆకాశం

లాయరు చంద్రమౌళి ముందుంచిన కాగితం చూడగానే అనూరాధ, "ఇది తప్పు" అంది.

"ఏది తప్పు మేడమ్?"

ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "చూడాలి. ఒక వారం టైమివ్వండి" అంది.

కంప్యూటర్లో ఆకాశాన్ని చూపించే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి తీసి పోలీసులు కోర్టుకిచ్చిన బొమ్మ అది. కార్తీక పున్నమి వెళ్లిన రెండో రోజు సాయంత్రం, ఏడు ముప్పై అయిదు. చీపురుపల్లి నుంచి రామతీర్థం వైపు వెళ్లే ఒక రోడ్డు. తూర్పున చంద్రుడు చక్కగా పైకి వచ్చి ఉన్నాడు.

సరిగ్గా ఆ వేళకే, రోడ్డు వారగా నడిచి వస్తున్న గున్నమ్మను ఒక తెల్ల కారు గుద్దేసి వెళ్లిపోయింది. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. చేలో నీళ్లు కడుతున్న మరిది అసిరయ్య, వెన్నెల్లో చూశానని, అది గంగులు అద్దెకు తిప్పే బండేనని చెప్పాడు. గంగులు మాత్రం అప్పటికే ఇల్లు చేరానంటాడు. అందుకు సాక్షి అతని భార్య కుమారి ఒక్కతే.

అనూరాధ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పిల్లలకు గ్రహాలు చూపించేది ఆ సాఫ్ట్‌వేర్‌లోనే. గంగులు తరఫు లాయరైన చంద్రమౌళి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది అందుకే.

"స్పాట్ ఎక్కడో మ్యాపు పంపుతాను మేడమ్."

"అక్కర్లేదు. ఆ రోడ్డు నాకు తెలుసు."

ఆ సాఫ్ట్‌వేర్‌తో వేగడం అంత తేలిక కాదు. చీపురుపల్లి దాని జాబితాలోనే లేదు. అక్షాంశం, రేఖాంశం చేత్తో కొట్టాలి. మూసి తెరిస్తే గడియారం గ్రీన్‌విచ్ టైముకు పోతుంది. గంట జరుపుదామని మీట నొక్కితే రోజు జరిగిపోతుంది. మౌస్ చక్రం కాస్త గట్టిగా తిరిగిందా, భూమి మాయమై శనిగ్రహం పక్కన తేలతాం.

అన్నీ సరిచేసినా జవాబు మారలేదు. చంద్రోదయం ఏడూ అయిదుకి. ఏడు ముప్పై అయిదుకి చంద్రుడు ఆరు డిగ్రీల ఎత్తున ఉన్నాడు. అసిరయ్య మాటే నిజమంటోంది కంప్యూటరు.

గాలిపొరల్లో వెలుగు వంగే లెక్క తీసి చూసింది. పెట్టి చూసింది. రెండు మూడు నిమిషాలకు మించి తేడా రాలేదు.

నాలుగు రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. తల్లి పార్వతీదేవికి విసుగొచ్చింది. "ఎవరో డ్రైవరు కోసం నువ్వెందుకే ఇలా అయిపోతున్నావు?"

"అతను చెయ్యలేదమ్మా" అంది అనూరాధ.

అయిదో రోజు ఆమె ఆకాశాన్ని వదిలేసి, తెరలో నేలవైపు చూసింది. పచ్చగా, పీటలాగా, అంచుదాకా చదును. చెట్టు లేదు. పుట్ట లేదు. రోడ్డుకు తూర్పున నిలబడ్డ నల్లకొండ లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి ఆ చోటికి నడిచింది. కోణమానినికి దారం, దారానికి మేకు కట్టి కొండ కొసకు గురిపెట్టింది. దారం నిలవకముందే చూపు కొండ మీంచి రోడ్డు మీదికి జారింది. అక్కడే గట్టు మీద కూలబడింది.

పక్క చేలోంచి అసిరయ్య చెంబుతో నీళ్లు తెచ్చాడు. "నీరసమేమో, తాగమ్మా. ఏటి కొలుస్తన్నావు?"

"కొండ ఎత్తు. ఆ వేళ వెన్నెల ఇక్కడిదాకా పడిందో లేదో చూడాలి."

"నాను అబద్ధం ఆడనేదమ్మా. తెల్ల బండి. అది ఊళ్లో గంగులికే ఉన్నాది. ఆడిదే అనుకున్నాను." రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఆగినాదమ్మా బండి. ఒక్క చిటికె ఆగినాది. దిగుతారు, మా వదిన్ని లేపుతారు అనుకున్నాను. మరెల్లిపోనాది."

నీళ్ల చెంబు ఆమె చేతిలోంచి జారి గట్టు కిందికి దొర్లింది.

మూడుసార్లు కొలిచింది. కొండ కొస పది డిగ్రీలు. చంద్రుడు దాన్ని దాటి రావాలంటే రాత్రి దగ్గర దగ్గర ఎనిమిది గంటలవ్వాలి.

కోర్టులో ప్రభుత్వ లాయరు నిలదీశాడు. "అంటే కంప్యూటరు తప్పు చెప్పిందంటారా?"

"తప్పు చెప్పలేదండి. దానికి భూమి ఒక నున్నటి బంతి. కొండ సంగతి మనం చెబితే తప్ప దానికి తెలియదు."

"వారం రోజులు కూర్చుని కావలసిన జవాబు వచ్చేదాకా లెక్క మార్చారు. అవునా?"

"మార్చలేదు. వదిలేసింది కలిపాను."

"అయితే ఏడు ముప్పై అయిదుకి అక్కడ చీకటేనని ఖాయంగా చెబుతారా?"

"ఖాయంగా."

వాయిదాలన్నీ అయి తీర్పు వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. సాక్షి బండిని గుర్తుపట్టేంత వెలుగు అక్కడ ఉందని నమ్మలేమన్నారు జడ్జి. గంగులు మీద కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర కుమారి వచ్చి అనూరాధ కాళ్ల మీద పడబోయింది. అనూరాధ గబుక్కున వెనక్కి జరిగింది. "వద్దు. నాకు దణ్ణం పెట్టకు."

"మీరే నేకపోతే మావోడు ఈపాటికి జైల్లో ఉండును తల్లీ."

జనం పలచబడ్డాక అసిరయ్య వచ్చాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు.

"గంగులు కాదంటే ఒప్పుకుంతాను. ఆడి ఉసురు నాకొద్దు. గానీ ఒక్కటి సెప్పమ్మా. జడ్జీ కూడా నమ్మినంత గట్టిగా, ఆయేల అక్కడ ఎన్నెల నేదని నీకెలా తెలిసినాది?"

"కొలిచాను కదా" అంది అనూరాధ, మెట్లు దిగుతూ.

లెక్క తర్వాత కుదిరింది గానీ, ఆ సాయంత్రం తన కారు ఆపి, అద్దంలోంచి వెనక్కి చూసినప్పుడు గున్నమ్మ పడిన చోట ఆమెకు చీకటి తప్ప మరేమీ కనిపించలేదు.