పెరట్లో పాము

"పాము లేదక్కా. అది నీళ్ల పైపు," అన్నాడు తమ్ముడు పదోసారి.

"పైపుకి పొలుసులుంటాయట్రా?" అంది అక్క.

ముప్పయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పిన మనిషి. వారం రోజులుగా పెరట్లో లేని పామును చూస్తోంది. మొన్న స్టవ్ ఆర్పడం మరిచిపోయింది. తమ్ముడు ధాన్యం వ్యాపారి, దేన్నైనా తూచిగానీ నమ్మడు. అక్కనూ తూచాడు. ముల్లు ఒకవైపే మొగ్గింది. మతిమరుపు వాళ్లను చూసుకునే హోమ్‌లో గది మాట్లాడాడు. ఆమె పెట్టె అప్పటికే కారెక్కింది.

అప్పుడొచ్చాడు పాములు పట్టేవాడు, ఒకప్పుడు ఆమె శిష్యుడే. టీచర్ ఫోన్ చేశారనీ, తన మాట ఎవరూ నమ్మక పంపించేస్తున్నారని బాధపడ్డారనీ చెప్పాడు. చేతిలో కొక్కెం కర్ర, భుజాన గుడ్డసంచి. అది వేలాడే తీరు చూసి తమ్ముడి కన్ను దానంతటదే కిలోన్నర అని లెక్కకట్టింది. సరంజామా కాబోలనుకున్నాడు.

"లేని పామును ఏం పడతావు బాబూ?"

"చూస్తే పోయేదేముంది సార్," అంటూ శిష్యుడు ఒక్కడే నీళ్లతొట్టి వెనక్కి నడిచాడు.

కాసేపటికి బారెడు పాముతో తిరిగొచ్చాడు. డ్రైవరు తాచుపామంటూ కార్లో దూరి అద్దాలు బిగించుకున్నాడు.

"మావాళ్లు జెర్రిపోతంటారు, మా అత్తారివైపు జెర్రిగొడ్డంటారు. ఇతనేమో తాచంటున్నాడు. ఏది రైటు టీచర్?" అన్నాడు శిష్యుడు.

అక్క కళ్లజోడు సర్దుకుంది. "నువ్వెవరబ్బాయివి?"

తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె మాత్రం పాము వీపు మీద వేలు ఆనించింది. వేలు వణకలేదు.

"ఊరికో పేరు పెడితే పాము మారిపోతుందా? శాస్త్రంలో దీనికి ఒకటే పేరు, టయాస్ మ్యూకోసా. రాసేటప్పుడు ముందు 'పి' ఉంటుంది, పలకకూడదు. విషం లేదు, పడగ లేదు. ఎలుకల్ని తింటుంది. ధాన్యం అమ్మేవాడు దీన్ని చంపితే తన బస్తాకు తానే కన్నం పెట్టుకున్నట్టు." తమ్ముడి వైపు తిరిగింది. "పైపన్నావుగా?"

"తప్పయిందక్కా."

శిష్యుడు పామును సంచిలో వేసి మూతి కట్టాడు. మళ్లీ కనబడితే వెంటనే ఫోన్ చేయమని టీచరుకు మరీమరీ చెప్పి బయల్దేరాడు.

గేటు దాటుతున్న సంచినే తమ్ముడు కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తనే వెళ్లి కార్లోంచి పెట్టె దించాడు.

"వంటకు మాత్రం మనిషిని పెడతానక్కా," అన్నాడు.

సంచి వచ్చినప్పుడెంత బరువో, పోయేటప్పుడూ అంతే ఉంది.