హంసిని కడిగిన రెజిన్

నీటి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి హంసిని చేపలకు మేత వేస్తోంది.

"అభినందనలు మేడం! మీ చేపల తొట్టి ఫిల్టర్‌లో మలినాలు పీల్చే రెజిన్ పూసలు రెండింతల కాలం పనిచేశాయి. కాలనీలో మీరే ఫస్ట్."

నీళ్ళు ఇంటికింత అని వాటాగా వచ్చే రోజులవి; చేపలు బతికితేనే మంచినీళ్ళని నమ్మి, ఆ తొట్టి నీళ్ళనే జనం తాగేవారు. ఆ తొట్టీ, అందులోని ఎర్రచేపల జంటా హంసినికి పెళ్ళి కానుకలు. కొత్త కాపురంలో దక్కిన మొదటి మెప్పుకు ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

"ఎలా చేశారండీ?"

"రెజిన్‌ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, మా స్నానాల నీళ్ళు మిగిల్చి కడుగుతానండీ. మా ఆయనా నేనూ రోజు విడిచి రోజు స్నానం చేస్తాం. హాయిగా సరిపోతుంది!"

అవతల ఆ మాటలు రాసుకుంటున్న చప్పుడైంది. "అయితే స్నానాలకు ఎక్కువే ఇస్తున్నామన్నమాట. చాలా థాంక్సండీ."

సాయంత్రం కాలనీలో అందరికీ మెసేజ్ వచ్చింది. రేపటి నుంచి స్నానపు నీళ్ళు సగమేనట. కారణం కింద హంసిని మాటలే ఉన్నాయి.

పక్కింటి సింహాచలమ్మ పసికందును భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటమ్మా, రోజు మార్చి రోజు తానం హాయిగుందన్నావట? రేపు నా మనవరాలికి పురిటి తానం. తల్లికీ పిల్లకీ ఏటి పొయ్యమంటావు?"

"మా వాటా మీరే తీసుకోండి, పిన్నిగారూ."

"అదీ సగమే కదా." సింహాచలమ్మ తొట్టి వైపు చూసింది. "పొద్దున్నే బిందెలట్టుకొస్తాను. ఈలోగా ఆ చేపల్ని ఏటి చేసుకుంటావో చేసుకో."